కారువాడు కావాలని సైకిల్ మీదికి వస్తే ఏం చేయాలి: ఇంట్లోంచి బయల్దేరే ముందు నుంచి కోర్టు దాకా

నేను వారంలో నాలుగు రోజులు మియాపూర్ నుంచి గచ్చిబౌలి వైపు ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్తా. రెండేళ్ళ క్రితం కొండాపూర్ దాటాక ఒక కారు వెనక నుంచి హారన్ ఆపకుండా కొట్టుకుంటూ వచ్చి, నేను పక్కకి తప్పుకోలేదని కావాలనే రాసుకుంటూ పోయాడు, సైడ్ అద్దం నా మోచేతికి తగిలింది, పడలేదు గానీ సైకిల్ మొత్తం ఊగిపోయింది. కాస్త ముందుకెళ్ళి ఆపి దిగి "రోడ్డు ట్యాక్స్ కట్టేది మేము, నువ్వు ఫుట్‌పాత్ మీద పో" అన్నాడు. నాకూ ఒళ్ళు మండింది, నేనూ అరిచా, ఐదు నిమిషాలు ఇద్దరం అరుచుకున్నాం, జనం పోగయ్యారు, ఎవరో "పోనీలే అన్నా" అన్నారు, వాడు వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి చూసుకుంటే నా దగ్గర బండి నంబర్ లేదు, ఫోటో లేదు, అక్కడ చూసినవాళ్ళలో ఒక్కరి ఫోన్ నంబర్ కూడా లేదు. మర్నాడు స్టేషన్‌కి వెళ్తే "దెబ్బ తగల్లేదు, నంబర్ లేదు, మరి ఏమని రాయమంటారు" అన్నారు.

ఆ రోజు నుంచి ఈ విషయం మీద కూర్చుని చట్టాలు చదివా, తెలిసిన లాయర్లని అడిగా, తోటి సైకిల్ వాళ్ళ కేసుల్లో స్టేషన్లకి తోడు వెళ్ళా. నాకు అర్థమైంది ఒకటే. మన చట్టంలో సైకిల్ వాడికి రక్షణ బాగానే ఉంది, కాకపోతే అది పనికొచ్చేది మొదటి గంటలో మనం పట్టుకున్న ఆధారాలని బట్టే. రోడ్డు మీద వాడితో మాటల్లో గెలిచినా ఏం రాదు. కాబట్టి ఏం చేయాలో వరసగా రాస్తున్నా, చదివి మీ గ్రూపులో తొక్కేవాళ్ళకి కూడా చెప్పండి.

ముందు ఇది బుర్రలో పెట్టుకోండి: రోడ్డు మీకూ ఉంది

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సైకిల్ మోటారు వాహనం కాదు. కాబట్టి లైసెన్స్ అక్కర్లేదు, ఆర్సీ అక్కర్లేదు, ఇన్సూరెన్స్ అక్కర్లేదు, రోడ్ ట్యాక్స్ ప్రసక్తే లేదు. ఆ ట్యాక్స్ కట్టలేదు కాబట్టి రోడ్డు మీద హక్కు లేదు అనేది ఎక్కడా లేని రూలు. మన కాలనీ రోడ్డుకి, మెయిన్ రోడ్డుకి డబ్బు మనం కట్టే ఇంటి పన్నులోంచి, షాపులో కట్టే జీఎస్టీలోంచి కూడా వస్తుంది. పైగా 2017లో వచ్చిన డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లో నడిచేవాళ్ళు, సైకిల్ తొక్కేవాళ్ళు, పిల్లలు, పెద్దవాళ్ళ విషయంలో డ్రైవరు ప్రత్యేకంగా జాగ్రత్త తీసుకోవాలని రాసే ఉంది. ఎలక్ట్రిక్ సైకిల్ ఉన్నవాళ్ళకి ఒక మాట, మోటార్ పవర్ 250 వాట్ల లోపు, స్పీడు గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే దాన్ని మామూలు సైకిల్‌లా చూస్తారు, అది దాటితే రిజిస్ట్రేషన్ కావాలి, లేకపోతే రేపు యాక్సిడెంట్ అయినప్పుడు అదే మీకు ఎదురు తిరుగుతుంది.

మరి మనం వెళ్ళకూడని చోట్లు కూడా ఉన్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ రోడ్డు మీదికి బైకులకే అనుమతి లేదు, మనకి అసలే లేదు, సర్వీస్ రోడ్డు వాడుకోవాలి. ఫుట్‌పాత్ నడిచేవాళ్ళది, కారువాడు పొమ్మన్నాడని అక్కడికి ఎక్కకండి. సిగ్నల్ జంప్, రాంగ్ రూట్ అస్సలు వద్దు, ఇది నీతి కోసం చెప్పట్లేదు, రాంగ్ రూట్‌లో వస్తూ దెబ్బ తగిలించుకుంటే ట్రిబ్యునల్‌లో "ఇతని తప్పు కూడా ఉంది" అని నష్టపరిహారంలో కోత పెడతారు. హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి అనేది మోటార్‌సైకిళ్ళకే, సైకిల్‌కి కాదు, అయినా పెట్టుకోండి, తల మీది.

బయల్దేరే ముందు

వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు. పగలు కూడా బ్లింకింగ్‌లో పెట్టుకుంటే మంచిది, ఎండలో చెట్ల నీడ కింద సైకిల్ కనపడదు. హ్యాండిల్‌కి చిన్న అద్దం పెట్టుకోండి, వెనక వచ్చేది ఎంత స్పీడులో వస్తోందో, ఖాళీ ఇస్తోందో లేదో ఒక్క సెకను ముందు తెలిసినా చాలు. చీకట్లో తొక్కేవాళ్ళు రిఫ్లెక్టివ్ టేపు పెడల్స్‌కి, షూ మడమలకి అంటించండి, పైకీ కిందకీ కదిలే వెలుగు డ్రైవర్ కంటికి వెంటనే తగులుతుంది.

కెమెరా గురించి చాలామంది అడుగుతారు. ఒకటే కొనగలిగితే వెనక వైపుది కొనండి, ఎందుకంటే దగ్గరగా రాసుకుపోయేవాడు వచ్చేది వెనక నుంచే, వాడు వస్తున్నప్పటి బండి నంబరూ, హారనూ, ఎలా మళ్ళించాడన్నదీ అన్నీ అందులో పడతాయి. డేటు, టైము సరిగ్గా సెట్ చేయండి, తప్పు టైము ఉన్న వీడియోని అవతలి లాయర్ ముందు దాని మీదే పట్టుకుంటాడు. ఈ కెమెరాల్లో మెమరీ నిండగానే పాత క్లిప్పుల మీద కొత్తవి రాసుకుంటాయి, కాబట్టి ఏదైనా జరిగిన వెంటనే కెమెరా ఆపేయండి, ఇంటికి వెళ్ళాక చూద్దాంలే అని అలాగే తొక్కుకుంటూ వెళ్తే ఆ క్లిప్పే పోవచ్చు. కెమెరా కొనలేనివాళ్ళు ఫోన్‌ని హ్యాండిల్ స్టాండ్‌లో పెట్టుకుని ఒక్క టచ్‌తో రికార్డింగ్ మొదలయ్యేలా అలవాటు చేసుకోండి.

ఇంకో రెండు పనులు ఇంట్లోనే అయిపోతాయి. సైకిల్ బిల్లు, పెడల్స్ మధ్య గొట్టం అడుగున చెక్కి ఉండే ఫ్రేమ్ నంబర్, సైకిల్ మొత్తం కనపడేలా ఒక ఫోటో, ఈ మూడూ ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఫోన్ లాక్ స్క్రీన్ మీద ఇంట్లోవాళ్ళ నంబరు, మీ బ్లడ్ గ్రూపు కనపడేలా పెట్టుకోండి.

రోడ్డు మీద ఎక్కడ తొక్కాలి

కొత్తవాళ్ళు చేసే పెద్ద పొరపాటు భయంతో ఎడమ అంచుకి అతుక్కుపోవడం. అక్కడే ఇసుక, మ్యాన్‌హోల్ మూతలు, పార్క్ చేసిన కార్ల తలుపులు. పైగా మీరు అంచుకి పోయేకొద్దీ వెనకవాడికి "ఇంకా దూరిపోవచ్చు" అనిపిస్తుంది. అంచు నుంచి ఒక మీటరు వదిలి, నిటారుగా ఒకే లైన్‌లో తొక్కండి. ఆగున్న కార్ల పక్కన వెళ్తుంటే తలుపు పూర్తిగా తెరుచుకున్నా తగలనంత దూరం ఉంచండి. రోడ్డు సన్నగా ఉండి కారూ సైకిలూ పక్కపక్కన పట్టవు అనుకున్న చోట కాసేపు లేన్ మధ్యలోకి వచ్చేయండి, చెయ్యి చూపించి, వెనక చూసుకుని. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి, వెడల్పు రాగానే పక్కకి జరిగి దారి ఇవ్వండి. హారన్ కొడుతున్నాడంటే మిమ్మల్ని చూశాడనే అర్థం, నాకు భయమేసేది అసలు చూడనివాడిని చూసి.

ఇక బస్సులు, లారీలు, టిప్పర్లు. సిగ్నల్ దగ్గర వాటి ఎడమ పక్కన, ముందు మూల దగ్గర ఎప్పుడూ నిలబడకండి. ఆ ఎత్తులో కూర్చున్న డ్రైవరుకి ఆ మూల అసలు కనపడదు, వాడు లెఫ్ట్ తిప్పాడంటే వెనక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలికి కోసుకుంటూ వస్తాయి, ఇండికేటర్ వేశాడా లేదా అన్నది అప్పుడు పనికిరాదు. బండి అద్దంలో మీకు డ్రైవర్ మొహం కనపడకపోతే మీరూ వాడికి కనపడరు అని గుర్తు. వెనకే ఆగండి, పది సెకన్లు పోతే పోయాయి.

హైదరాబాద్‌లో ఇంకో బెడద యూటర్న్‌లు. సిగ్నళ్ళు తీసేసి యూటర్న్ పెట్టిన చోటల్లా బండ్లు కుడి నుంచి తిరిగి నేరుగా ఎడమకి కోసుకుంటూ వస్తాయి, మెట్రో పిల్లర్ల చాటున ఉన్న యూటర్న్ అయితే పిల్లర్ దాటేదాకా బండి కనపడదు, అక్కడ బ్రేకు మీద వేళ్ళు పెట్టుకునే ఉండండి. ఫ్లైఓవర్ మొదలయ్యే చోట కింద నుంచి వెళ్ళేవాళ్ళు చెయ్యి చూపిస్తూ ముందే ఎడమకి రావాలి. గండిపేట, చిలుకూరు వైపు ఆదివారం తెల్లవారుజామున వెళ్ళేవాళ్ళు రోడ్డు ఖాళీగా ఉందని ధీమా పడొద్దు, శనివారం రాత్రి తాగినవాళ్ళు ఇంటికెళ్ళేది ఆ టైములోనే. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఔటర్ సర్వీస్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్ 1న మొదలైన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది, నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపుల్లో 23 కిలోమీటర్లు, అక్కడ చేతి సిగ్నళ్ళు, వెనక్కి చూసుకుంటూ నిటారుగా తొక్కడం ప్రాక్టీస్ చేసి అప్పుడు మెయిన్ రోడ్డుకి రండి.

వాడు కావాలని మీదికి వస్తున్నప్పుడు

హారన్ కొట్టడం ఒకటి, కావాలని దగ్గరగా కోయడం, ముందుకొచ్చి సడన్ బ్రేక్ వేయడం, బండి అడ్డం పెట్టి దిగడం ఇంకోటి. రెండో రకం మొదలైందని అనిపించగానే మీ పని ఒకటే, స్పీడు తగ్గించి ఎడమకి జరిగి మనుషులున్న చోట ఆగడం. పెట్రోల్ బంకు అయితే చాలా మంచిది, సీసీ కెమెరాలుంటాయి, మనుషులుంటారు. టీ కొట్టు అయినా సరే.

తర్వాత బండి నంబరు గట్టిగా పైకి చదవండి, కెమెరాలోనో ఫోన్‌లోనో మీ గొంతు రికార్డవుతుంది. మొత్తం పట్టుకోలేకపోతే చివరి నాలుగు అంకెలు, రంగు, మోడల్ చాలు, మొదట్లో అక్షరాలు తర్వాత చూసుకోవచ్చు. తెలంగాణలో పాత బండ్లు టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ, ఇంకా పాతవి ఏపీ, ఇవి కలగాపులగంగా తిరుగుతుంటాయి. ఆంధ్రలో 2019 నుంచి రాష్ట్రం మొత్తానికీ ఒకే సిరీస్, ఏపీ 39 తో మొదలైంది, కాబట్టి అది చూసి ఏ జిల్లా బండో చెప్పలేం, కంప్లైంట్‌లో ఊహించి రాయకండి.

చేయకూడనివి కూడా చెప్తా, ఇక్కడే మనవాళ్ళు కేసు పోగొట్టుకుంటారు. బానెట్ మీద కొట్టొద్దు, అద్దం విరగ్గొట్టొద్దు, వాడు మీ మీద ఆస్తి నష్టం కేసు పెడతాడు. తిట్టొద్దు, వీడియోలో మీ బూతులు కూడా పడతాయి. వెంటబడి సిగ్నల్ దగ్గర పట్టుకోవడం అస్సలు వద్దు, 10 కిలోల సైకిల్‌కీ టన్నున్నర కారుకీ పోటీ లేదు. వాడు దిగి మీదికి వస్తే సైకిల్‌ని మీకూ వాడికీ మధ్యలో అడ్డంగా పెట్టుకుని, "ఫోన్ చేస్తున్నా" అని చెప్పి 112కో 100కో చేయండి. ఆ కాల్‌కి టైముతో సహా రికార్డు ఉంటుంది, అది తర్వాత చాలా పనికొస్తుంది. ఆడపిల్లలకి, కారులోంచి కామెంట్ చేసినా, వెంటపడినా అది ట్రాఫిక్ గొడవ కాదు, హైదరాబాద్‌లో షీ టీమ్స్‌కి, అంటే ఆడవాళ్ళ భద్రత కోసం ఉన్న పోలీసు బృందాలకి కూడా చెప్పొచ్చు, కామెంట్‌కి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 79, వెంటపడటానికి 78 కింద వేరే కేసు.

గుద్దితే

లేవడానికి తొందరపడకండి. మెడ, వెన్ను నొప్పి ఉంటే కదలకుండా అలాగే ఉండి 108కి చేయించండి, నేషనల్ హైవే మీదైతే 1033 కూడా ఉంది. హెల్మెట్ ఎవరినీ లాగనివ్వకండి. తలకి తగిలితే బాగానే ఉన్నా అనిపించినా డాక్టరుకి చూపించాల్సిందే, ఆ రోజంతా పక్కన ఒకరు ఉండాలి, వాంతులు, మగత, మాట తడబడటం కనపడితే వెంటనే హాస్పిటల్.

మీరు కాకపోయినా తోడున్నవాళ్ళో, దారిన పోయేవాళ్ళో చేయాల్సినవి: బండి జరపకముందే నాలుగు వైపుల నుంచి ఫోటోలు, నంబర్ ప్లేటు, టైరు గుర్తులు, సైకిల్ పడ్డ చోటు, దగ్గర్లో ఉన్న మెట్రో పిల్లర్ నంబరో షాపు బోర్డో. చూసినవాళ్ళలో ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకోండి, పండ్ల బండి అతనో వాచ్‌మనో అయితే ఇంకా మంచిది, వాళ్ళు రేపు కూడా అక్కడే దొరుకుతారు.

చాలాచోట్ల చూశా, గుద్దినవాడు మంచిగానే మాట్లాడతాడు, "నేనే హాస్పిటల్‌కి తీసుకెళ్తా, బిల్లు కడతా, జారి పడ్డానని చెప్పండి చాలు" అంటాడు. తీసుకెళ్ళడం వాడు చేసే ఉపకారం కాదు, మోటారు వాహనాల చట్టం 134 ప్రకారం వైద్యం అందేలా చూడటం వాడి బాధ్యత. కానీ హాస్పిటల్‌లో మీరు "జారి పడ్డా" అని చెప్తే అదే కేస్ షీట్‌లో ఎక్కుతుంది, ఆరు నెలల తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్ తీసి చూపించేది ఆ ఒక్క లైనే. రోడ్డు యాక్సిడెంట్, ఫలానా నంబరు బండి గుద్దింది, ఇంతే చెప్పండి, ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేస్ అని రాయమని అడగండి. ఎమ్మెల్సీ రాస్తే పోలీసులకి సమాచారం వెళ్తుంది, తర్వాత మీ దెబ్బల వివరాలుండే వూండ్ సర్టిఫికెట్ వస్తుంది. 2025 మేలో నోటిఫై అయిన క్యాష్‌లెస్ స్కీమ్ కింద, మోటారు బండి వల్ల దెబ్బ తగిలినవాళ్ళకి గుర్తించిన హాస్పిటళ్ళలో మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల దాకా వైద్యం ఖర్చు కవర్ అవుతుంది, మీకు ఇన్సూరెన్స్ ఉందా లేదా అన్నది దీనికి సంబంధం లేదు, హాస్పిటల్ వాళ్ళని పేరు పెట్టి అడగండి. చిరిగిన బట్టలు, పగిలిన హెల్మెట్ పారేయకండి, వంకరపోయిన చక్రం వెంటనే రిపేరుకి ఇవ్వకండి.

కంప్లైంట్ ఎలా రాయాలి

ట్రాఫిక్ పోలీసులకి ఫోటో పంపితే, యాప్‌లోనో సోషల్ మీడియాలోనో, ఎక్కువలో ఎక్కువ చలాన్ పడుతుంది. అది మంచిదే, పంపండి. కానీ దెబ్బ తగిలినా, కావాలని మీదికి వచ్చినా మీకు కావాల్సింది ఎఫ్ఐఆర్, అది రాసేది లా అండ్ ఆర్డర్ స్టేషన్. ఈ తేడా తెలియక ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి తిరిగి తిరిగి వదిలేసినవాళ్ళు నాకు తెలుసు.

కంప్లైంట్ తెలుగులో రాయొచ్చు, చేత్తో రాసినా చాలు. తారీఖు, టైము, చోటు, మీరు ఎటు నుంచి ఎటు వెళ్తున్నారు, రోడ్డుకి ఏ పక్కన ఉన్నారు, అవతలి బండి నంబరు రంగు, ఏం జరిగింది అన్నది జరిగిన వరసలో, వాడు అన్న మాటలు వాడు అన్నట్టుగానే, దెబ్బలు, చివర్లో మీ దగ్గరున్న ఆధారాలు. కోపం, ఉపన్యాసం అక్కర్లేదు. ఇలా ఉంటే సరిపోతుంది:

"ఉదయం సుమారు 7:40కి నేను మియాపూర్ నుంచి కొండాపూర్ వైపు రోడ్డుకి ఎడమ పక్కన సైకిల్ మీద వెళ్తుండగా ఫలానా నంబరు గల తెల్ల కారు వెనక నుంచి వచ్చి సుమారు పది సెకన్లు హారన్ కొట్టి, కుడి వైపు రోడ్డు ఖాళీగా ఉన్నా నా మీదికి మళ్ళించి, ఎడమ అద్దంతో నా కుడి మోచేతికి తగిలించి, ముందుకు వెళ్ళి బండి అడ్డం పెట్టి, 'మళ్ళీ కనపడితే తొక్కేస్తా' అని బెదిరించాడు."

అందులో "కుడి వైపు రోడ్డు ఖాళీగా ఉన్నా" అన్న ముక్క చూడండి. అది లేకపోతే పోలీసులు అలవాటు ప్రకారం "అజాగ్రత్తగా నడిపి" అని రాసి మామూలు యాక్సిడెంట్ చేసేస్తారు. కావాలని చేశాడని మీకు ఎందుకు అనిపించిందో ఆ సంగతులు రాయాలి, ముందు హారన్, అరుపు, రెండోసారి మళ్ళించడం, దిగి అన్న మాటలు. ఇంకో విషయం, ఓవర్‌టేక్ చేసేటప్పుడు సైకిల్‌కి ఇన్ని మీటర్లు వదలాలి అని కొన్ని దేశాల్లో ఉన్నట్టు మన రూల్స్‌లో అంకె లేదు, కాబట్టి "మీటరున్నర రూలు ఉల్లంఘించాడు" అని రాయకండి, "మోచేతికి తగిలేంత దగ్గరగా" అని జరిగింది రాయండి.

సెక్షన్లు పోలీసులే వేస్తారు, అయినా మీకు తెలిసుంటే మాట్లాడటానికి ధైర్యం ఉంటుంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత, అదే బీఎన్ఎస్, వచ్చింది, స్టేషన్‌లో ఇంకా 279, 337 అంటుంటారు, కంగారు పడకండి. పాత 279 ఇప్పుడు 281, పబ్లిక్ రోడ్డు మీద ప్రమాదకరంగా నడపడం, ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి దాకా ఫైన్ లేదా రెండూ. 125 అంటే ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చేలా చేయడం, దెబ్బ తగలకపోయినా మూడు నెలల దాకా ఉంది, తగిలితే ఆరు నెలలు, ఎముక విరగడం లాంటి తీవ్రమైన దెబ్బ అయితే మూడేళ్ళ దాకా. మోటారు వాహనాల చట్టం 184 కింద డేంజరస్ డ్రైవింగ్, 2019 సవరణ తర్వాత మొదటిసారికి వెయ్యి నుంచి ఐదు వేల ఫైన్, ఆరు నెలల నుంచి ఏడాది జైలు, రెండిట్లో ఏదైనా పడొచ్చు, రెండూ పడొచ్చు, ఫోన్ పట్టుకుని నడపడం, రూల్స్‌కి విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం కూడా ఇందులోకే వస్తాయి. అంటే "దెబ్బ తగల్లేదుగా" అని మిమ్మల్ని పంపేస్తే అది సరి కాదు, 281కీ 184కీ దెబ్బతో పనే లేదు. నాకు ఆ రోజు ఈ సంగతి తెలియదు.

మళ్ళీ బీఎన్ఎస్‌కి వస్తే, బండి అడ్డం పెట్టి కదలనివ్వకపోతే 126, కొడితే 115, బెదిరిస్తే 351. కావాలనే బండితో గుద్దినట్టు తేలితే తీవ్రతని బట్టి 110, 109 లాంటి హత్యాయత్నం వైపు సెక్షన్లకి కూడా వెళ్తుంది. వాట్సాప్‌లో తిరిగే "హిట్ అండ్ రన్‌కి పదేళ్ళ జైలు" నమ్మకండి, అది 106లో రెండో భాగం, లారీ డ్రైవర్ల సమ్మె తర్వాత దాన్ని అమల్లోకి తీసుకురాకుండా పక్కన పెట్టారు, 2024 జూలైలో మిగతా చట్టం మొదలైనప్పుడు కూడా అది మొదలవలేదు.

స్టేషన్‌లో తీసుకోకపోతే

మా పరిధి కాదు అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 173 ప్రకారం ఎక్కడైనా తీసుకోవాలి. అదే సెక్షన్ ప్రకారం ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఫ్రీగా ఇవ్వాలి. అప్పటికీ తీసుకోకపోతే అదే కంప్లైంట్ స్పీడ్ పోస్టులో ఎస్పీకి, కమిషనరేట్ అయితే డీసీపీకి పంపండి, రసీదు దాచుకోండి, ఆ తర్వాత దారి మెజిస్ట్రేట్ కోర్టు. నేను చూసినంతలో డీసీపీ ఆఫీసుకి పోస్టు వెళ్ళిందన్నాక చాలా కేసులు కదిలాయి. కొట్టడం, తిట్టడం లాంటి కొన్ని సెక్షన్లకి పోలీసులు నేరుగా దర్యాప్తు చేయలేరు, మెజిస్ట్రేట్ పర్మిషన్ కావాలి, అప్పుడు డైరీలో రాసుకుని కోర్టుకి వెళ్ళమంటారు, అది తప్పించుకోవడం కాదు.

సీసీ ఫుటేజ్ విషయంలో మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. షాపుల కెమెరాల్లో కొన్ని రోజులకే పాతది చెరిగిపోతుంది, కంప్లైంట్‌లోనే "ఫలానా షాపు, ఫలానా బంకు కెమెరాల ఫుటేజ్ భద్రపరచమని కోరుతున్నా" అని ఒక లైను రాయండి, మీరూ వెళ్ళి ఓనర్‌ని చెరపొద్దని బతిమాలుకోండి. మీ కెమెరా మెమరీ కార్డు తీసి పక్కన పెట్టేయండి, కాపీ మీదే పని చేయండి, కోర్టులో వీడియో చూపించాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, పాత ఎవిడెన్స్ చట్టంలోని 65బీ లాంటిది. వీడియోకి మ్యూజిక్ పెట్టి, కట్ చేసి రీల్ వేయడం కంప్లైంట్ ఇవ్వకముందు వద్దు.

డబ్బు సంగతి

క్రిమినల్ కేసు వేరు, నష్టపరిహారం వేరు. దీనికి మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఉంది, యాక్సిడెంట్ జరిగిన చోటే కాదు, మీరు ఉండే ఊళ్ళో కూడా వేయొచ్చు, సెలవుకి వరంగల్ వెళ్ళి అక్కడ గుద్దించుకున్నా హైదరాబాద్‌లో వేసుకోవచ్చన్నమాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద వేస్తే అవతలివాడి తప్పు చూపించాలి, ఖర్చులు, పోయిన జీతం, నొప్పి అన్నీ అడగొచ్చు. 164 కింద అయితే తప్పు ఎవరిదని నిరూపించక్కర్లేదు, చనిపోతే 5 లక్షలు, తీవ్రమైన దెబ్బకి రెండున్నర లక్షలు. ఏది వేయాలో లాయర్‌తో కూర్చుని తేల్చుకోండి. 166కి యాక్సిడెంట్ రోజు నుంచి ఆరు నెలల గడువు పెట్టారు, కాలు కట్టులో ఉండగానే ఆ ఆరు నెలలూ గడిచిపోతాయి, క్యాలెండర్‌లో రాసుకోండి. పోలీసులు కూడా 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో వివరమైన రిపోర్టు ట్రిబ్యునల్‌కి పంపాలని 2022 నుంచి రూలు ఉంది, దర్యాప్తు ఆఫీసర్‌ని దాని గురించి అడుగుతూ ఉండండి.

గుద్ది పారిపోయి బండి ఏదో తెలియకపోతే కూడా 161 కింద చావుకి 2 లక్షలు, తీవ్రమైన దెబ్బకి 50 వేలు వస్తాయి, దానికి అప్లికేషన్ కోర్టుకి కాదు, రెవెన్యూ వాళ్ళ దగ్గర, ఆర్డీవో ఆఫీసులో అడగండి. చాలామంది ఇది ఉందని తెలియక వదులుకుంటారు, ముఖ్యంగా పేదవాళ్ళు. వచ్చిన డబ్బులో ఇంత శాతం ఇవ్వండి అని అడిగే లాయర్లతో జాగ్రత్త, బార్ కౌన్సిల్ రూల్స్ దాన్ని ఒప్పుకోవు. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి, ఆదాయం తక్కువున్నవాళ్ళకి ఫ్రీ లాయర్ ఇస్తారు, 15100కి చేస్తే చెప్తారు.

రాజీ గురించి. స్టేషన్‌లో కూర్చోబెట్టి "పదివేలు ఇప్పిస్తాం, కాగితం మీద సంతకం పెట్టండి" అనడం మామూలే. స్కానింగులు అన్నీ అయి డాక్టర్ ఇక ఏం లేదు అనేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. మా గ్రూపులో ఒకాయన మణికట్టు వాపే కదా అని ఐదు వేలకి సంతకం పెట్టాడు, మూడు వారాల తర్వాత ఎముకలో చీలిక అని తెలిసింది.

వేరేవాళ్ళని గుద్దడం మీరు చూస్తే

ఇది కూడా మన పనే అని నేను గట్టిగా నమ్ముతా. సాయం చేసినవాడిని పోలీసులు వేధించకుండా మోటారు వాహనాల చట్టంలో 134ఎ ఉంది, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు, సాక్ష్యం ఇవ్వడం మీ ఇష్టం. తీవ్రంగా దెబ్బ తగిలినవాళ్ళని మొదటి గంటలో హాస్పిటల్‌కి చేర్చినవాళ్ళకి 2025లో వచ్చిన రాహ్‌వీర్ స్కీమ్ కింద 25 వేల రూపాయలు కూడా ప్రకటించారు.

మన రోడ్ల మీద సైకిల్ తొక్కేవాళ్ళలో ఎక్కువమంది లక్ష రూపాయల సైకిళ్ళ వాళ్ళు కాదు. రాత్రి డ్యూటీ దిగి వెళ్ళే వాచ్‌మన్లు, పొద్దున పాలూ పేపరూ వేసేవాళ్ళు, సైట్ నుంచి వచ్చే మేస్త్రీలు, వేరే రాష్ట్రాల నుంచి వచ్చి భాష తెలియని కూలీలు. వాళ్ళకి లైటు ఉండదు, కెమెరా ఉండదు, గుద్దినవాడు ఐదొందలు చేతిలో పెట్టి పోతాడు. అలాంటి చోట ఆగి బండి నంబరు రాసి ఇచ్చి, ఎమ్మెల్సీ రాయించి, 112కి ఒక కాల్ చేస్తే చాలు, పైన రాసిన హక్కులన్నీ వాళ్ళకీ వర్తిస్తాయి. నా బ్యాగ్‌లో ఎప్పుడూ ఒక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు చుట్ట ఉంటుంది. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ సైకిల్‌కి, ఎదురు అపార్ట్‌మెంట్ వాళ్ళ సైకిళ్ళకి వెనక మడ్‌గార్డ్ మీద, రెండు పెడల్స్‌కీ అంటించా, ఒక్కో సైకిల్‌కి జానెడు కంటే ఎక్కువ పట్టలేదు, మీ వీధిలో ఎన్ని సైకిళ్ళు ఉన్నాయో ఈ ఆదివారం లెక్క చూసి ఒక చుట్ట కొనండి.